నెలలు నిండకుండా పుట్టిన పిల్లల మెదడు ఎదుగుదల: తరచుగా అడిగే ప్రశ్నలు

నెలలు తక్కువగా పుట్టిన బిడ్డ ఎన్ఐసీయూలో (నవజాత శిశువుల అత్యవసర చికిత్సా విభాగంలో) ఉన్నన్నాళ్ళూ తల్లిదండ్రులు బరువు గురించి, ఊపిరి గురించి అడుగుతారు. ఇంటికి వచ్చిన కొన్ని వారాలకు ప్రశ్నలన్నీ మెదడు వైపు మళ్ళుతాయి. అవే సందేహాలు పదే పదే వస్తున్నందువల్ల వాటిని దశలవారీగా ఇక్కడ కూర్చాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. బిడ్డను స్వయంగా పరీక్షించే వైద్యుల మాటకు ఇవి బదులు కావు.

## కాన్పుకు ముందు

ఎన్ని వారాలకు పుడితే నెలలు నిండనట్టు?

చివరి నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కించి, 37 వారాలు పూర్తికాకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటారు. 28 వారాల లోపు పుట్టినవారు అత్యంత ముందస్తు శిశువులు, 28 నుంచి 31 వారాల మధ్య పుట్టినవారు బాగా ముందుగా పుట్టినవారు, 34 నుంచి 36 వారాల మధ్య పుట్టినవారు లేట్ ప్రీటెర్మ్ శిశువులు. ప్రపంచవ్యాప్తంగా 2020లో సుమారు 1.34 కోట్ల మంది ఇలా పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే పుట్టిన ప్రతి పదిమందిలో ఒకరు. సంఖ్యాపరంగా భారతదేశమే మొదటి స్థానంలో ఉంది. మన ఇళ్ళలో బిడ్డ బరువు ఎంతని అడుగుతారే తప్ప ఎన్నో వారమని అడగరు. మెదడు ఎంత పరిణతి చెందిందో చెప్పేది మాత్రం ప్రధానంగా వారాల లెక్కే కాబట్టి, డిశ్చార్జి కాగితంలో ఆ సంఖ్య రాశారో లేదో తప్పక చూసుకోండి.

చివరి మూడు నెలల్లో కడుపులో బిడ్డ మెదడుకు ఏం జరుగుతుంది?

మెదడు పై పొరలో ఉండవలసిన నాడీకణాలలో అత్యధిక భాగం ఆరో నెల ముగిసేసరికి పుట్టి, తమ తమ స్థానాలకు చేరడం చాలావరకు పూర్తిచేస్తాయి. ఆ తర్వాత జరిగేది అల్లిక. 24 వారాల మెదడు దాదాపు నున్నగా ఉంటుంది. ముడతలు, గాడులు ఎక్కువగా ఏర్పడేది ఆ తర్వాతి వారాలలోనే. నాడీకణాలు ఒకదానికొకటి చేతులు చాచుకుని సంధానాలు ఏర్పరుచుకుంటాయి, వెనక భాగంలోని చిన్నమెదడు వేగంగా పెరుగుతుంది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు వేసినట్టు నాడీతంతువుల చుట్టూ మైలిన్ పొర కట్టవలసిన కణాలు ఈ కాలంలో ఇంకా లేతగా ఉంటాయి. 23 నుంచి 32 వారాల మధ్య ఆ లేత కణాలు ఆక్సిజన్ తగ్గినా, ఇన్ఫెక్షన్ సోకినా సులభంగా దెబ్బతింటాయి. 34–35 వారాల బిడ్డ మెదడు బరువు, నెలలు నిండిన బిడ్డ మెదడు బరువులో మూడింట రెండు వంతులే ఉంటుంది. కడుపులోని చీకటిలో, తల్లి రక్తం అందించే స్థిరమైన పోషణతో జరగవలసిన ఈ పనంతా ముందే పుట్టిన బిడ్డకు వెలుతురు, శబ్దం, సూదులు, వెంటిలేటర్ మధ్య జరుగుతుంది. పని ఆగిపోదు, జరిగే తీరు మారుతుంది. ఆ మార్పు ఎంతన్నది బిడ్డ బిడ్డకూ వేరుగా ఉంటుంది.

ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అంటారు. నిజమా?

నిజం కాదు. ప్రాచీన గ్రీకు వైద్య గ్రంథాలలోనూ కనిపించే పాత నమ్మకం ఇది. కడుపులో గడిచిన ప్రతి అదనపు వారం ఊపిరితిత్తులకూ మెదడుకూ మేలే చేస్తుంది కనుక, తల్లికీ బిడ్డకూ ప్రమాదం లేనంత వరకు 30 వారాల కంటే 34, 34 కంటే 37 మంచివి. ఈ నమ్మకాన్ని పట్టుకుని ఎనిమిదో నెల బిడ్డకు చికిత్స ఎందుకని వెనకాడే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఆ వెనకాటు వల్ల జరిగే నష్టమే అసలు ప్రమాదం. ముహూర్తం కోసం 37 వారాలు నిండకముందే సిజేరియన్ అడగడం కూడా సరికాదు.

నొప్పులు ముందే మొదలయ్యాయి. బిడ్డ మెదడును కాపాడే మందులు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, కానీ సమయం తక్కువ. 24 నుంచి 34 వారాల మధ్య కాన్పు తప్పదనిపిస్తే తల్లికి స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇస్తారు. న్యూజీలాండ్‌కు చెందిన లిగిన్స్, హోవీ 1972లో వీటి ప్రయోజనాన్ని నిరూపించారు. ఇవి ఊపిరితిత్తులను సిద్ధం చేయడంతో పాటు మెదడులో రక్తస్రావం జరిగే అవకాశాన్ని కూడా తగ్గిస్తాయి. మన ప్రభుత్వ ఆసుపత్రులలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వాడతారు. 32 వారాల లోపు కాన్పయ్యేటట్టుంటే మెగ్నీషియం సల్ఫేట్ ఇవ్వడం వల్ల సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు, కండరాలు అదుపు తప్పే స్థితి) ముప్పు సుమారు మూడో వంతు తగ్గుతుందని పరిశోధనలు చూపాయి. వీలైతే బిడ్డను కడుపులో ఉండగానే ఎన్ఐసీయూ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. పుట్టాక అంబులెన్స్‌లో తరలించడం కంటే అది ఎంతో క్షేమం. బిడ్డ పుట్టాక పరిస్థితి అనుమతిస్తే బొడ్డుతాడును కనీసం అర నిమిషం నుంచి ఒక నిమిషం ఆగి కత్తిరించడం కూడా మేలు చేస్తుంది. ఇవన్నీ వైద్యులు నిర్ణయించేవే అయినా, ఇచ్చారా అని కుటుంబం అడగడంలో తప్పేమీ లేదు.

బండి మీద ప్రయాణం చేశాను, అందుకే ముందే కాన్పయిందా?

సాధారణంగా కాదు. రక్తపోటు, ఇన్ఫెక్షన్, కవలలు, గర్భాశయ ముఖద్వారం పొట్టిగా ఉండటం, ఉమ్మనీరు ముందే పోవడం, ఇంతకుముందూ ముందస్తు కాన్పు కావడం తెలిసిన కారణాలు. ఎన్నో కాన్పులలో ఏ కారణమూ దొరకదు. తల్లిని నిందించే ఇంట్లో ఆమె దిగులు పెరుగుతుంది, ఆ దిగులు బిడ్డను ఎత్తుకోవడం మీద, పాల మీద పడుతుంది. ఆమె రోజంతా ఏడుస్తున్నా, బిడ్డను తాకడానికే భయపడుతున్నా వైద్యులకు చెప్పండి. అది చికిత్స ఉన్న సమస్య.

## ఎన్ఐసీయూలో ఉన్నప్పుడు

తలలో రక్తస్రావం అన్నారు. గ్రేడ్ 1కీ గ్రేడ్ 4కీ తేడా ఏమిటి?

మెదడు మధ్యలో నీరు నిండిన గదులు ఉంటాయి. వాటి అంచున, నెలలు నిండని బిడ్డలలో మాత్రమే ఉండే ఒక పొరలోని రక్తనాళాలు చాలా పెళుసుగా ఉంటాయి. రక్తపోటు హెచ్చుతగ్గులైనప్పుడు అవి చిట్లుతాయి. ఎక్కువ రక్తస్రావాలు పుట్టిన మొదటి మూడు రోజులలోనే జరుగుతాయి. రక్తం ఆ పొరకే పరిమితమైతే గ్రేడ్ 1, గదిలోకి చేరితే గ్రేడ్ 2, గది సాగేంతగా నిండితే గ్రేడ్ 3, పక్కనున్న మెదడు కణజాలం దెబ్బతింటే గ్రేడ్ 4 అంటారు. మొదటి రెండు గ్రేడ్లు ఉన్న పిల్లలలో ఎక్కువమంది పెద్ద ఇబ్బంది లేకుండా ఎదుగుతారు. గ్రేడ్ 3, 4లలో తలలో నీరు చేరడం, కాళ్ళుచేతుల బిగువు వంటి ముప్పు గణనీయంగా పెరుగుతుంది. గ్రేడ్ 4 ఒకవైపే ఉంటే దానికి ఎదుటి పక్క చెయ్యి, కాలు బలహీనపడే అవకాశం ఉంటుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. గ్రేడ్ అనేది ముప్పు ఎంతో చెబుతుంది గానీ మీ బిడ్డ నడుస్తుందా లేదా అన్నది చెప్పదు. గ్రేడ్ 4 అని విని ఆశ వదులుకుని చికిత్స ఆపించే కుటుంబాలకు ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉండవలసింది.

మొదటి స్కాన్ నార్మల్ అన్నారు. మళ్ళీ మళ్ళీ ఎందుకు తీస్తున్నారు?

నెత్తి మీద మెత్తగా ఉండే మాడు గుండా అల్ట్రాసౌండ్ తీస్తారు. నొప్పి ఉండదు, రేడియేషన్ ఉండదు. రక్తస్రావం మొదటి వారంలోనే కనిపిస్తుంది. మెదడులోని తెల్ల పదార్థానికి, అంటే నాడీతంతువులు సాగే లోపలి భాగానికి, జరిగిన గాయం మాత్రం తిత్తులుగా బయటపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు. అందుకే నాలుగో వారం దరిదాపుల్లో ఒకసారి, నెలలు నిండే తేదీకి దగ్గరలో మరొకసారి చూస్తారు. కాళ్ళకు వెళ్ళే నాడీతంతువులు ఆ గదుల అంచుకు అతి దగ్గరగా సాగుతాయి కాబట్టి, ఈ గాయం తగిలిన పిల్లలలో చేతుల కంటే కాళ్ళు ఎక్కువ బిగుసుకుంటాయి. అన్ని స్కాన్లూ బాగున్నా సూక్ష్మమైన మార్పులు అల్ట్రాసౌండ్‌కు చిక్కకపోవచ్చు. స్కాన్ బాగుందన్న ఒక్క కారణంతో తర్వాతి పరీక్షలు మానేయకూడదు.

ఊపిరి ఆగడం, ఇన్ఫెక్షన్, కామెర్లు మెదడుకు హాని చేస్తాయా?

తీవ్రమైతే చేస్తాయి. రక్తంలో ఇన్ఫెక్షన్, పేగులకు వచ్చే తీవ్రమైన వాపు తెల్ల పదార్థాన్ని దెబ్బతీయగలవు. కామెర్ల విషయంలో నెలలు నిండని బిడ్డకు తక్కువ స్థాయిలోనే ఫొటోథెరపీ (నీలి కాంతి కింద ఉంచే చికిత్స) మొదలుపెడతారు, ఎందుకంటే కామెర్లు కలిగించే పసుపు పదార్థం బిలిరుబిన్ ఆ లేత మెదడుకు చేరడం సులభం. అలాంటి బిడ్డను ఉదయపు ఎండలో పెడితే సరిపోతుందనుకోవడం ప్రమాదకరం. ఊపిరి మధ్య మధ్యలో ఆగే పిల్లలకు ఇచ్చే కెఫీన్ మందు సెరిబ్రల్ పాల్సీని కూడా తగ్గిస్తుందని 2007లో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం చూపింది.

కంగారూ సంరక్షణ వల్ల నిజంగా మెదడుకు మేలు జరుగుతుందా?

జరుగుతుంది. బిడ్డను తల్లి లేదా తండ్రి ఛాతీకి చర్మం చర్మం తాకేలా హత్తుకుని ఉంచే ఈ పద్ధతి 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో, ఇంక్యుబేటర్ల కొరత మధ్య మొదలైంది. అది కొరత తీర్చే ఏర్పాటుగా మిగలలేదు. శరీరంలో వేడి నిలవడం, ఊపిరి, గుండె వేగం కుదుటపడటం, నిద్ర గాఢంగా పట్టడం, నొప్పి తగ్గడం, తల్లిపాలు పెరగడం ఇవన్నీ మెదడు ఎదిగే పరిస్థితులే. భారతదేశం సహా ఐదు దేశాలలో జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. పుట్టిన వెంటనే, బిడ్డ పూర్తిగా కుదుటపడకముందే దీన్ని మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయని అది తేల్చింది. 2022 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు ఇవ్వమంటోంది. బొగోటా పిల్లలను 20 ఏళ్ళ తర్వాత మళ్ళీ పరిశీలించినప్పుడు, ఈ సంరక్షణ పొందినవారిలో దూకుడు, అతి చురుకుదనం, బడి ఎగ్గొట్టడం తక్కువగా కనిపించాయి. తల్లికి బాలింత నీరసం ఉంటే తండ్రి, అమ్మమ్మ, నానమ్మ ఎవరైనా ఎత్తుకోవచ్చు.

పాలు సరిగా రావడం లేదు. డబ్బా పాలు ఇస్తే మెదడు ఎదుగుదల తగ్గుతుందా?

తల్లిపాలు పేగుల వాపునూ ఇన్ఫెక్షన్లనూ తగ్గించి ఆ దారిలో కూడా మెదడును కాపాడతాయి. కాబట్టి మొదటి ప్రయత్నం వాటికే. కాన్పయిన కొన్ని గంటలలోనే పిండటం మొదలుపెట్టి, రాత్రి సహా రెండు మూడు గంటలకోసారి కొనసాగిస్తే చాలామందికి పాలు పడతాయి. ముర్రుపాలు కొన్ని చుక్కలే వచ్చినా పారబోయకూడదు. చాలకపోతే తల్లిపాల బ్యాంకు నుంచి దాత పాలు తీసుకోవచ్చు. హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో అలాంటి బ్యాంకు ఉంది. అవీ దొరకనప్పుడు వైద్యులు సూచించిన ప్రీటెర్మ్ ఫార్ములా (నెలలు నిండని పిల్లల కోసం చేసిన డబ్బా పాలు) ఇవ్వడం తప్పు కాదు. ఆకలితో బరువు పెరగకపోవడం మెదడుకు అంతకంటే చేటు.

ఇంక్యుబేటర్ పక్కన కూర్చుని మాట్లాడవచ్చా?

తప్పకుండా. మెల్లగా మాట్లాడండి, జోల పాడండి. పెద్ద శబ్దాలు, ఫోన్ మోతలు వద్దు. బిడ్డ ముఖం తిప్పేసుకున్నా, వేళ్ళు బిర్రుగా చాపినా అలసినట్టు లెక్క, కాసేపు ఆగండి.

## ఇంటికి వచ్చాక మొదటి రెండేళ్ళు

బిడ్డ వయసు ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలి?

ఎదుగుదల చూసేటప్పుడు సవరించిన వయసు వాడాలి. పుట్టిన తేదీ నుంచి కాకుండా, నెలలు నిండి కాన్పు అవుతుందని డాక్టర్ ముందే ఇచ్చిన తేదీ నుంచి లెక్కపెట్టడమే సవరణ. 28 వారాలకు పుట్టిన బిడ్డ 12 వారాలు ముందు పుట్టినట్టు. ఆ బిడ్డకు ఏడు నెలలు నిండినప్పుడు సవరించిన వయసు సుమారు నాలుగు నెలలే. ఏడు నెలల పిల్లలాగా కూర్చోలేదని బెంగపడనక్కరలేదు, నాలుగు నెలల పిల్లలాగా మెడ నిలబెడుతుందా అని చూడాలి. సాధారణంగా రెండేళ్ళు వచ్చేదాకా ఇలా లెక్కిస్తారు. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి.

ఏవి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు?

అన్నీ సవరించిన వయసు ప్రకారం చెబుతున్నాం. మూడు నెలలకు ముఖం చూసి నవ్వకపోవడం, నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోవడం లేదా పిడికిళ్ళు ఎప్పుడూ బిగించే ఉంచడం, డైపర్ మార్చేటప్పుడు కాళ్ళు కత్తెరలా అడ్డుపడటం, శరీరం వెనక్కి విల్లులా వంగడం, తొమ్మిది నెలలకు కూర్చోలేకపోవడం, ఏడాదిలోపే ఒకే చేతిని వాడటం, చప్పుడుకు తిరగకపోవడం చూస్తే వెంటనే వైద్యులకు చూపాలి. ఏడాదిలోపే కుడిచేతి వాటం వచ్చేసిందని ఇంట్లో మురిసిపోతారు. అది రెండో చేయి బలహీనతకు గుర్తు కావచ్చు. తల చుట్టుకొలత వేగంగా పెరిగినా, మాడు ఉబ్బి గట్టిపడినా, వాంతులతో మగతగా ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, ఎందుకంటే తలలో నీరు చేరి ఉండవచ్చు.

కొంచెం ఆగితే తనే సర్దుకుంటాడు అంటున్నారు మా పెద్దవాళ్ళు. ఆగవచ్చా?

ఆగకూడదు. మొదటి రెండేళ్ళలో మెదడుకు దారి మార్చుకునే శక్తి అత్యధికంగా ఉంటుంది. సవరించిన వయసు మూడు నెలల దగ్గర బిడ్డ సహజ కదలికలను వీడియో తీసి పరిశీలించే పద్ధతితో పాటు స్కాన్, నాడీ పరీక్ష కలిపి చూస్తే సెరిబ్రల్ పాల్సీని ఆరు నెలల లోపే చాలావరకు గుర్తించవచ్చు. ఏడాదిన్నరకు నడవలేదని వచ్చే పిల్లలను చూసినప్పుడు, పోయిన ఆ ఏడాది తిరిగి రాదన్న బాధ కలుగుతుంది. పెద్దలతో వాదన పెట్టుకోనక్కరలేదు, ఒక్కసారి పరీక్షకు వారినే తోడు తీసుకెళ్ళండి.

28 వారాలకు పుట్టిన బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ తప్పదా?

తప్పదని ఏమీ లేదు. 28 వారాల లోపు పుట్టి బతికినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి వస్తుంది. వారాలు పెరిగేకొద్దీ ఆ ముప్పు తగ్గుతుంది. వచ్చినవారిలోనూ ఎక్కువమంది ఏదో ఒక ఆసరాతోనో ఆసరా లేకుండానో నడుస్తారు.

కన్ను, చెవి పరీక్షలకు మెదడుతో ఏం సంబంధం?

చూపు, వినికిడి లేకపోతే మెదడుకు చేరవలసిన అనుభవమే చేరదు. 34 వారాల లోపు లేదా రెండు కిలోల లోపు పుట్టిన ప్రతి బిడ్డకూ 30 రోజులు నిండేలోగా రెటీనా పరీక్ష జరగాలి. 28 వారాల లోపు పుడితే రెండు మూడు వారాలకే చేయించాలి. నెలలు నిండని పిల్లల కంటి రెటీనాకు వచ్చే ఆర్ఓపీ అనే జబ్బు బయటికి ఏ గుర్తూ చూపదు. సకాలంలో లేజర్ చేస్తే చూపు దక్కుతుంది, ఆలస్యమైతే శాశ్వతంగా పోతుంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఈ సేవలు ఉన్నాయి. వినికిడికి బెరా పరీక్ష చేయించాలి. లోపం ఉంటే మూడు నెలల లోపు నిర్ధారించి, ఆరు నెలల లోపు వినికిడి యంత్రం అమర్చడం లక్ష్యం.

నూనె మర్దన, సాంబ్రాణి పొగ, వస కొమ్ము పనికొస్తాయా?

బరువు పెరుగుతూ నిలకడగా ఉన్న బిడ్డకు కొబ్బరినూనెతో మృదువుగా మర్దన చేయవచ్చు. కాళ్ళుచేతులు లాగడం, తల ఒత్తి గుండ్రంగా చేయడం, చెవిలో ముక్కులో నూనె పోయడం వద్దు. సాంబ్రాణి పొగ లేత ఊపిరితిత్తులకు చెరుపు. మాటలు త్వరగా వస్తాయని వస అరగదీసి నాకించడం, తేనె పెట్టడం రెండూ మానాలి.

థెరపీకి డబ్బు లేదు. ప్రభుత్వం తరఫున ఏమైనా ఉందా?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పాటయ్యాయి. వాటిని డీఈఐసీ అంటారు. పిల్లల వైద్యులు, ఫిజియోథెరపిస్టు, మాటల థెరపిస్టు, మానసిక నిపుణులు ఒకేచోట ఉచితంగా చూడాలన్నది వాటి ఉద్దేశం. జిల్లా ఆసుపత్రిలో గానీ, మీ ఆశా కార్యకర్తను గానీ అడగండి. థెరపిస్టు వారానికి చూసేది గంట, మీరు చూసేది మిగతా వారమంతా. ఎత్తుకునే తీరు, బోర్లా పడుకోబెట్టి ఆడించడం, బొమ్మ అందించే పక్క, మాట్లాడటం, కథ చెప్పడం నేర్చుకుని రోజూ చేయడమే అసలు చికిత్స. రెండేళ్ళ లోపు ఫోన్, టీవీ చూపించకండి.

స్టెమ్ సెల్ చికిత్స, బ్రెయిన్ టానిక్ వాడమంటున్నారు. వాడాలా?

వద్దు. సెరిబ్రల్ పాల్సీకి స్టెమ్ సెల్స్ నిరూపితమైన చికిత్స కాదు. భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు రక్త సంబంధ వ్యాధుల వంటి కొన్నింటికే వాటిని చికిత్సగా అంగీకరిస్తాయి. లక్షలు అప్పు చేసి ఇంజక్షన్లు వేయించే బదులు అదే డబ్బు రెండేళ్ళ ఫిజియోథెరపీకి సరిపోతుంది. మెదడును పెంచే టానిక్ ఏదీ లేదు. వైద్యులు రాసిన ఐరన్, విటమిన్ డి చుక్కలు మాత్రం మానకండి. ఐరన్ కొరత మెదడు ఎదుగుదలను నిజంగానే తగ్గిస్తుంది.

అమెరికాలో ఉంటున్నాం. మాటలు ఆలస్యం కాబట్టి ఇంట్లో తెలుగు మానేయాలా?

మానవద్దు. రెండు భాషలు వినడం మాటల ఆలస్యానికి కారణం కాదు. మీకు సహజంగా వచ్చే భాషలోనే మీరు ఎక్కువగా, ప్రేమగా మాట్లాడగలరు, బిడ్డకు కావలసింది అదే. అక్కడ మూడేళ్ళ లోపు పిల్లలకు ఎర్లీ ఇంటర్వెన్షన్ సేవలు చట్టబద్ధంగా ఉన్నాయి. డాక్టర్ రాసిచ్చేదాకా ఆగకుండా తల్లిదండ్రులే నేరుగా పరీక్ష కోరవచ్చు. కాన్పు సాయానికి వచ్చిన అమ్మమ్మ తాతయ్యల కబుర్లు కూడా ఆ బిడ్డకు మంచి థెరపీయే.

## బడి వయసులో, ఆ తర్వాత

తెలివితేటలు తగ్గుతాయా?

32 వారాల లోపు పుట్టిన పిల్లలను గుంపుగా తీసుకుంటే, వారి ఐక్యూ సగటు నెలలు నిండి పుట్టినవారి కంటే సుమారు 11 నుంచి 13 పాయింట్లు తక్కువగా ఉంటుందని అనేక అధ్యయనాలు కలిపి చూసినప్పుడు తేలింది. సగటు అన్నది గుంపుకు సంబంధించినది. ఆ గుంపులో ఎక్కువమంది సాధారణ పరిధిలోనే ఉంటారు, తరగతిలో ముందుండేవారూ ఉంటారు. తల్లి చదువు, ఇంటి వాతావరణం, పోషణ ఈ తేడాను బాగా మారుస్తాయి. వయసు పెరిగేకొద్దీ వాటి ప్రభావం మరింత స్పష్టమవుతుంది.

చురుగ్గానే ఉంటాడు, కానీ లెక్కలు రావు, కుదురుగా కూర్చోడు. దీనికీ ముందే పుట్టడానికీ సంబంధం ఉందా?

ఉండవచ్చు. నడక, మాట సకాలంలో వచ్చిన పిల్లలలో కూడా ఏకాగ్రత, విన్నది కాసేపు మనసులో నిలుపుకోవడం, పని వేగం, అంకెల అవగాహన, చేతిరాత, బూట్ల లేసు కట్టుకోవడం వంటి చేతి నైపుణ్యం రెండో మూడో తరగతిలో ఇబ్బంది పెట్టడం తరచుగా చూస్తాం. బాగా ముందుగా పుట్టినవారిలో ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు లోపించే సమస్య) రెండు మూడు రెట్లు ఎక్కువ. అది తుంటరితనంగా కాక, పరధ్యానంగా కనిపించడం వల్ల ఎవరికీ పట్టదు. ఆందోళన, తోటిపిల్లలతో కలవలేకపోవడం కూడా ఉంటాయి, ఆటిజం లక్షణాలున్నాయేమో కూడా చూడాలి. రెండేళ్ళకు అంతా బాగుందని ఫాలోఅప్ ముగించేయడం ఇందుకే పొరపాటు. బడిలో చేరేముందు ఒకసారి, ఏడెనిమిదేళ్ళకు మరొకసారి మానసిక నిపుణులతో పరీక్ష చేయించాలి. సోమరి అని కొట్టే టీచరుకు పుట్టుక వివరాలు చెప్పి, ఒకేసారి ఒకే సూచన ఇవ్వమని, ముందు బెంచీలో కూర్చోబెట్టమని, ఎక్కువ సమయం ఇవ్వమని కోరండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు కూడా చేరాయి. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు పొందవచ్చు.

ఏ వయసుకు బడిలో వేయాలి?

నిబంధనలు అనుమతించే చోట, పుట్టిన తేదీ ప్రకారం అర్హత అంచున ఉన్న బిడ్డను ఒక ఏడాది ఆపడం గురించి ఆలోచించవచ్చు. ఆ ఏడాది అంగన్‌వాడీలోనో ప్లేస్కూల్‌లోనో తోటిపిల్లల మధ్య గడవాలి. ఇంట్లో ఊరికే ఉంచితే ప్రయోజనం లేదు.

మా పాప 35 వారాలకే పుట్టింది, బరువు బాగానే ఉంది. మాకు ఇవన్నీ వర్తిస్తాయా?

ముప్పు చాలా తక్కువ, కానీ సున్నా కాదు. మెదడు ఎదుగుదలలో ఐదు వారాలు బయట జరిగాయి కనుక మాటలు, చదువు కొద్దిగా ఆలస్యం కావచ్చు. మొదటి వారంలో కామెర్లు, రక్తంలో చక్కెర తగ్గడం, పాలు తాగలేకపోవడం ఈ పిల్లలలో ఎక్కువ కాబట్టి డిశ్చార్జికి తొందరపడకూడదు.

పెద్దయ్యాక మామూలు జీవితం గడుపుతారా?

నార్వేలో 1967–1983 మధ్య పుట్టినవారిని యౌవనం దాకా పరిశీలించిన అధ్యయనం 2008లో వెలువడింది. ఎంత ముందుగా పుడితే వైకల్యం, తక్కువ చదువు, తక్కువ ఆదాయం అంత ఎక్కువగా కనిపించాయి. అయినా తీవ్ర వైకల్యం లేనివారిలో ఎక్కువమంది చదువు పూర్తిచేసి, ఉద్యోగాలు చేస్తూ, సంసారాలు నడుపుతున్నారు. వారు పుట్టిన నాటికి ఊపిరితిత్తులకు ఇచ్చే సర్ఫాక్టెంట్ మందు వాడుకలో లేదు, కెఫీన్, మెగ్నీషియం సల్ఫేట్ మెదడును కాపాడతాయనీ తెలియదు. మీ బిడ్డకు ఇవి అందుబాటులో ఉన్నాయి. పుట్టిన వారాల సంఖ్య, పుట్టిన బరువు, స్కాన్ నివేదికలు ఉన్న ఫైలును మాత్రం పదేళ్ళయినా పారేయకండి. బడిలో, ఉద్యోగంలో, బిడ్డ ఆడపిల్లయితే రేపు తన కాన్పుకు వెళ్ళినప్పుడు కూడా వైద్యులు ఆ వివరాలు అడుగుతారు.